నీళ్ళ జాకెట్టు

ఉరుకుందమ్మ సిస్టరు పెద్దాసుపత్రి డ్యూటీ దిగి
నేరుగా నా కొట్టుకే వచ్చినాది.
ఫోను మిషన్ మీద పెట్టి
"మస్తాన్‌బీ, ఇట్లాంటిది కుట్టు" అనింది.

చూసినాను.
నీలం. ఒకటే ముక్క.
భుజం కాడ మొదలైతే తొడ దాకా
యాడా తెగలేదు.
నడుము పక్కన సన్నని కుచ్చులు,
వీపున ఒకదాన్నొకటి దాటిపోయే రెండు పట్టీలు.
కింద ధర చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాను.
పట్టుచీర ధర. గుడ్డేమో గజం గూడా లేదు.

"పేరున్నోళ్ళ డిజైను, అందుకే" అనింది.
"నా పేరు పెట్టుకో, కూలి మూడొందలియ్యి" అన్నాను.
ఇద్దరం నవ్వినాము.
నవ్వడం అయిపోయినాక గూడా
ఆ బొమ్మ మీద నుంచి చూపు తీయలేదు నేను.

ఏముందో ఆ నీలంలో.
మే నెల కర్నూలు ఆకాశం నీలం గాదు, సున్నం.
బేతంచెర్ల బండకు నీలి జీర ఉంటాది గానీ
కాళ్ళు కాలేది దాని మీదనే.
నీలిమందు చుక్క తెల్లగుడ్డలో కలిసి
కనపడకుండా పోతాది.
ఇది అట్ల గాదు.
ఎవురికీ జవాబు చెప్పే పని లేనట్టు ఉండాది.

టేపు తీసినాను.
ముప్పై ఏండ్లుగా ఆడోళ్ళను ముక్కలుగానే కొలిచినా.
ఛాతీ, చెయ్యి, మెడ లోతు, లంగా బొందు.
భుజం మీద నుంచి కాళ్ళ సందున తిప్పి మళ్ళా భుజం దాకా
మనిషిని ఒకటే కొలతగా కొలిచింది
ఇదే మొదలు.
అరవై మూడు అంగుళాలు.
ఆపరేషన్ మచ్చ కాడ నా చెయ్యి ఆగితే
"పోనీ, అది గూడా నాదే" అనింది.

గుడ్డ బెంగుళూరు నుంచి బస్సు పార్సిల్లో వచ్చినాది.
లాగితే సాగుతాది,
విడిస్తే ఏమీ ఎరగనట్టు కూచుంటాది.
మామూలు సూదికి లొంగదు, కుట్టు తప్పి ఎగురుతాది.
మొన గుండ్రంగుండే సూది దొరికేలోపల
నాలుగు విరిచినాను.
"ఏందది, పిల్లోళ్ళదా?" అన్నాడు మా ఆయన.
సిస్టరుది అంటే
తలుపు దిక్కు తిరిగి బీడీ ముట్టిచ్చుకున్నాడు.

ఈ మిషన్‌కు నీళ్ళు తెలుసు.
ఆ అక్టోబరులో తుంగభద్ర పాతబస్తీలోకి వచ్చినప్పుడు
మూడు రోజులు మునిగి ఉండాది.
ఆ నీళ్ళు నీలం గాదు. టీ రంగు.
పేడ వాసన, కిరసనాయిలు వాసన.
మేము మిద్దె మీద. పక్క మిద్దె మీద ఉరుకుందమ్మ.
కింద సందులో
వాళ్ళమ్మ మంచం ఖాళీగా తేలుతాండాది.
"ఈత వచ్చింటే" అనింది.
ఆ మాట అంతటితోనే ఆపేసింది,
ఇన్నేండ్లూ.

ఇప్పుడడిగినాను, దానికేనా అని.
"మోకాళ్ళ నొప్పికి డాక్టరు చెప్పినాడు" అనింది.
మళ్ళా, పట్టీ సరిజేసుకుంటా,
"ఊరికేనే మస్తాన్‌బీ. బాగుండాది గదా."

నా అద్దంలో నడుము దాకానే కనపడతాది.
కింద సగం చూసుకోను స్టూలెక్కింది.
నల్లపూసలు, మెట్టెలు, పగిలిన మడమలు,
వాటి నడుమ ఆ నీలం,
నాలుగు మూరల కొట్టులో.
కరెంటు పోయినాది. ఫ్యాను ఆగినాది.
ఇద్దరికీ చెమటలు గారతాండాయి,
ఆమె మాత్రం స్టూలు దిగలేదు.
"ఎట్లుండాను?"
నోటిదాకా ఏందేందో వచ్చినాది.
"భుజం కాడ అరంగుళం తగ్గించాల" అన్నాను.

సోమవారం నుంచి పోతాండాది,
మున్సిపాలిటీ కొలనుకు, పొద్దున ఆరింటి ఆడోళ్ళ బ్యాచికి.
వాళ్ళ మిద్దె మీద దండానికి అది ఆరుతాంటే
పక్కింటామె నన్ను పిలిచి ఏందది అనడిగింది.
నీళ్ళ జాకెట్టు అని చెప్పినా.
అబ్బా, అనింది. ఎంతకు కుడతావు, అని గూడా అనింది.

మిగిలిన గుడ్డ అరచెయ్యంత.
కొలతల పుస్తకంలో ఆమె పేజీకి పిన్ను పెట్టినాను.
పక్క పేజీలో నా పేరు రాసుకున్నాను.
అంకె ఇంకా వెయ్యలేదు.
టేపు మెడలోనే ఉండాది.